ఇంటికి ఇంటర్నెట్ నడిచొచ్చిన దారి



ఈ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు నేను థింసా గురించో, ఇటుకల పండగ గురించో రాస్తానని అనుకున్నారు. వాటి గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సంచికలోనే ఉన్నారు. అసలీ సంచిక మీ చేతిలోని ఫోనులోకి ఏ దారిన వచ్చింది? నేను ఆ దారి చరిత్ర రాస్తాను. దానికి ఒక కారణం ఉంది.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి ఇంటరు మంచి మార్కులతో పాసైంది. కౌన్సెలింగులో కాలేజీలను ఎంచుకోవడానికి కొద్ది రోజులే గడువు. తేదీలు రాగానే ఆ అమ్మాయి అన్న ఫోనుకు వాట్సాప్ పెట్టాను. ఒక్క టిక్కు పడింది. రెండో టిక్కు అదే పడుతుందిలే అనుకున్నాను. కొత్త అడ్మిషన్లు, సరుకుల ఇండెంటు, రిజిస్టర్లు, ఆ పనుల్లో మునిగిపోయాను. మర్నాడూ ఒక్క టిక్కే. సంత రోజున ఆ అబ్బాయి కొండ దిగాడు. ఘాట్ మలుపులో సిగ్నల్ తగిలి ఫోను మోగింది. సంతలోంచి నాకు ఫోను చేసి, "మేడం, ఇప్పుడే చూశాను, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. గడువు అయిపోయి అప్పటికి రెండు రోజులు.

ఆ అమ్మాయి ఆ ఏడాదంతా కాఫీ తోటలో పళ్లు కోసింది. మరుసటి ఏడాది సీటు వచ్చింది, ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది. కానీ పోయిన ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఫోన్లు లేని కాలంలో అయితే చీటీ రాసి, ఆ వైపు వెళ్లే జీపు డ్రైవరు చేతికిచ్చి పంపేదాన్ని. ఫోను ఉంది కదా అని చీటీ పంపలేదు.

పట్నంలో ఇంటింటికీ వెళ్లిన ఇంటర్నెట్ మన కొండ దగ్గర ఎందుకు ఆగిపోయింది? ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

తీగకు ముందు

మా చిన్నప్పుడు ఊళ్లో కబురంటే బారికి. ఊరి పెద్ద చెప్పిన మాటను వీధి వీధికీ కేకేసి చెప్పేవాడు. పక్క ఊరికి చావు కబురు వెళ్లాలంటే మనిషే నడిచి వెళ్లాలి. బయటి ప్రపంచంలో తీగ మీద కబురు పంపడం చాలా ముందే మొదలైంది. మన దేశంలో తొలి టెలిగ్రాఫ్ తీగను 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య వేశారు. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. మొదట ఓడరేవులకు, వ్యాపారానికి, సర్కారుకు తీగలు చేరాయి. సామాన్యుల ఇళ్లు, అందులోనూ కొండ మీది ఇళ్లు, వరసలో చివరన నిలబడ్డాయి.

పల్లెకు ఫోను తెచ్చే గట్టి ప్రయత్నం 1980లలో జరిగింది. 1984లో కేంద్రం సీ-డాట్ అనే పరిశోధన సంస్థను పెట్టింది. విదేశీ ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి, దుమ్ము పడకూడదు. మన పల్లెల్లో అది కుదిరే పని కాదు. సీ-డాట్ ఇంజినీర్లు ఏసీ లేకుండా, మన ఎండల్లో పనిచేసే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేశారు. ఆ తర్వాతే మండల కేంద్రాల్లో, రోడ్డు పక్కన పసుపుపచ్చ ఎస్టీడీ బూతులు వెలిశాయి. నేను భీమిలిలో టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో రాత్రి చార్జీ తగ్గేదాకా ఆ బూతు ముందు వరసలో నిలబడేదాన్ని. మా ఊళ్లో ఫోను లేదు. మండల కేంద్రంలోని ఒక కొట్టుకు చేసి, "మా నాన్న సంతకొస్తే చెప్పండి" అని బతిమాలేదాన్ని.

తీగ వెళ్లలేని ఊళ్లకు పంచాయతీకి ఒక ఫోను ఇవ్వాలని రేడియోతో నడిచే పరికరాలు పెట్టారు. దాన్ని మల్టీ యాక్సెస్ రేడియో రిలే అనేవారు. కొన్ని రేడియో దారులను చాలా ఊళ్లు పంచుకోవాలి. అవి తరచూ పాడయ్యేవి, బాగుచేసేవాళ్లు దూరంలో ఉండేవాళ్లు. చివరికి సర్కారే వాటిని తీసేసి వేరే రకం వైర్‌లెస్ ఫోన్లు పెట్టాల్సి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇంటర్నెట్ కథంతా ఈ ఫోను తీగ మీదనే మొదలవుతుంది. తీగ చేరని ఊరు ఆ కథలో మొదటి అధ్యాయాలన్నీ పోగొట్టుకుంది.

1995 ఆగస్టు

ఐక్యరాజ్యసమితి 1994 డిసెంబరులో తీర్మానం చేసి ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించింది. అంటే ఆ పేరుతో వచ్చిన తొలి ఆగస్టు 9, 1995లోనిది. సరిగ్గా ఆరు రోజుల తర్వాత, 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు 1986 నుంచి ఎర్నెట్ అనే నెట్‌వర్కు ఉండేది, కానీ అది ఐఐటీల వంటి విద్యాసంస్థలకే. మన రోజూ, ఇంటర్నెట్టూ ఒకే నెలలో మొదలయ్యాయి. కానీ రెండూ కలవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ మొదటి ఇంటర్నెట్ డయల్-అప్. ఎలా పనిచేసేదో చెబుతాను, శ్రద్ధగా చదవండి. టెలిఫోన్ తీగ మనిషి గొంతును మోయడానికి వేసింది. కంప్యూటరు మాట్లాడేది సున్నా, ఒకటి అనే రెండక్షరాల భాష. ఆ అక్షరాలను చప్పుడుగా మార్చి ఫోను తీగలోకి పంపేది, అవతలి నుంచి వచ్చిన చప్పుడును మళ్లీ అక్షరాలుగా మార్చేది మోడెమ్ అనే పెట్టె. కనెక్షను కలిసేటప్పుడు కీచుకీచుమని, గరగరమని శబ్దం వచ్చేది. రెండు మోడెమ్‌లు ఏ వేగంతో మాట్లాడుకోవాలో బేరమాడుకునే చప్పుడది. తీగ గొంతుకు మాత్రమే సరిపడేది కాబట్టి నెట్ నడుస్తున్నంతసేపూ ఫోను ఎంగేజ్. ఎవరైనా ఫోను ఎత్తితే నెట్ తెగిపోయేది. నెట్ చందా ఒకటి, ఫోను కాల్ చార్జీ ఇంకొకటి.

వేగం సంగతి మీకు అర్థం కావడానికి ఒక లెక్క పెట్టుకుందాం. ఈ సంచికలో ఒక థింసా ఫోటో 3 ఎంబీ ఉందనుకోండి. ఇంటర్నెట్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. 8 బిట్లు ఒక బైటు. 1995లో మొదట దొరికిన వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. ఆ వేగంతో మన ఫోటో దిగడానికి 40 నిమిషాలు దాటుతుంది. తర్వాత మోడెమ్‌లు మెరుగై, 1998 నాటికి 56 కిలోబిట్ల దాకా వచ్చాయి. అప్పుడు అదే ఫోటోకు సుమారు 7 నిమిషాలు. గొంతు కోసం వేసిన తీగలో ఆ చప్పుళ్ల పద్ధతికి అదే హద్దు.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలను కూడా ఇంటర్నెట్ అమ్మనిచ్చారు. ఆ తర్వాతే నెట్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. నేను మొదటిసారి ఇంటర్నెట్ చూసింది విశాఖలో అలాంటి సెంటర్లోనే. చెక్క తడికెల గదిలో గంటకు 30 రూపాయలిచ్చి, నా పేరుతో ఈమెయిల్ ఖాతా తెరిపించుకున్నాను. ఉత్తరం రాయడానికి మాత్రం నాకు తెలిసిన ఎవరికీ ఈమెయిల్ లేదు. గంట అయ్యాక లేచి వచ్చేశాను.

ఒకే తీగలో రెండు దారులు

డయల్-అప్ తర్వాత ఐఎస్‌డీఎన్ అనేది వచ్చింది. ఒక్కొక్కటి 64 కిలోబిట్ల చొప్పున రెండు దారులు, కలిపితే 128. ఖరీదు ఎక్కువ. ఎక్కువగా ఆఫీసులు వాడుకున్నాయి, ఇళ్లకు పెద్దగా రాలేదు.

ఇళ్లను నిజంగా మార్చింది డీఎస్ఎల్. దీని వెనక ఆలోచన చాలా తెలివైనది. మనిషి గొంతుకు ఫోను తీగలో సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా చోటు చాలు. అంతకన్నా పై పౌనఃపున్యాలు తీగలో ఖాళీగా పడి ఉన్నాయి. ఆ పై అంతస్తులో ఇంటర్నెట్‌ను పంపితే? గొంతు కింద, నెట్ పైన. ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న డబ్బీ రెండింటినీ విడదీస్తుంది. ఫోను మాట్లాడుతూనే నెట్ వాడొచ్చు. కొత్త తీగ వెయ్యక్కర్లేదు. నెట్ రోజంతా వెలుగుతూనే ఉంటుంది, డయల్ చేసే పని లేదు.

2004 అక్టోబరులో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. సెకనుకు 256 కిలోబిట్లు, అంతకుమించి ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో డీఎస్ఎల్ తెచ్చింది. మన థింసా ఫోటో ఇప్పుడు నిమిషంన్నరలో దిగుతుంది. డేటాకు నెలవారీ హద్దు ఉండేది. రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా లెక్కపెట్టని ప్లాన్లూ ఉండేవి. పట్నం పిల్లలు అలారం పెట్టుకుని లేచి సినిమాలు దించుకునేవాళ్లని మా తోటి టీచర్లు చెప్పుకునేవాళ్లు. బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకు అర్థం కూడా కాలంతో పెరిగింది. 2013లో 512 కిలోబిట్లు, 2023 జనవరి నుంచి 2 మెగాబిట్లు.

ఇక్కడే మన ప్రశ్నకు మొదటి జవాబు దొరుకుతుంది. డీఎస్ఎల్ రాగి తీగ మీద నడుస్తుంది. ఎక్స్ఛేంజీ నుంచి దూరం వెళ్లేకొద్దీ ఆ సంకేతం నీరసిస్తుంది. సుమారు 5 కిలోమీటర్లు దాటితే పనికిరాదు. ఎక్స్ఛేంజీ మండల కేంద్రంలో ఉంటుంది. మన ఊరు అక్కడికి 15, 20 కిలోమీటర్లు, మధ్యలో రెండు గెడ్డలు. మనకు ఇవ్వొద్దని ఎవరూ కాగితం మీద రాయలేదు. రాగి తీగ లక్షణమూ, ఎక్స్ఛేంజీ ఉన్న చోటూ కలిసి ఆ పని చేశాయి. ఎక్స్ఛేంజీ ఎక్కడ పెట్టాలో మాత్రం మనుషులే నిర్ణయించారు.

అదే కాలంలో పట్టణాల్లో ఇంకో దారి తెరుచుకుంది. టీవీ కోసం ఇంటింటికీ వేసిన కేబుల్ మీదుగా కేబుల్ మోడెమ్‌తో ఇంటర్నెట్ ఇచ్చారు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ వీధుల్లో డాబాల మీదుగా తీగలు లాగి కేబుల్ ఆపరేటర్లే నెట్ అమ్మారు. మన ఊళ్లలో టీవీ ఉన్న ఇంటికి కూడా కేబుల్ లేదు, డిష్షే. డిష్షు బొమ్మను తీసుకుంటుంది గానీ మన మాటను తిరిగి పంపదు. ఆ దారి కూడా మనకు మూసుకుపోయింది.

గమనించారా? కొత్త సాంకేతికత ఎప్పుడూ పాత తీగ మీదే ఇంట్లోకి వచ్చింది. ఫోను తీగ ఉన్న ఇంటికి డయల్-అప్, ఆ తీగ మీదే డీఎస్ఎల్, టీవీ తీగ ఉన్న ఇంటికి కేబుల్ నెట్. ముందు ఏదో ఒకటి ఉన్నవాళ్లకే తర్వాతిది సులువుగా దొరికింది.

గాలిలో వచ్చింది

మనకు ఇంటర్నెట్ తీగ మీద రాలేదు, గాలిలో వచ్చింది. మన ప్రాంతంలో చాలామందికి మొదటి ఫోనే సెల్‌ఫోను, మొదటి కంప్యూటరూ అదే. 2జీ కాలంలో జీపీఆర్ఎస్ మీద నెట్ పాకుతూ నడిచేది. 2008 చివర, 2009 మొదట్లో ప్రభుత్వ సంస్థలతో 3జీ, 2012 ఏప్రిల్‌లో కలకత్తాలో 4జీ మొదలయ్యాయి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా ధరలు దేశమంతటా ఒక్కసారిగా పడిపోయాయి. 2022 అక్టోబరు 1న 5జీ ప్రారంభమైంది.

ఇవి దేశం తేదీలు. మన తేదీలు వేరు. టవరు పెట్టాలంటే కంపెనీ జనసంఖ్య చూస్తుంది. కొండ మీద ఇరవై ఇళ్ల ఊరికి టవరు పెడితే గిట్టుబాటు కాదంటుంది. అందుకే సర్కారు డబ్బు పెట్టాల్సి వచ్చింది. మనమంతా కట్టే ఫోను బిల్లుల ఆదాయంలోంచి కంపెనీలు కొంత భాగం ఒక నిధికి జమచేస్తాయి. 2002లో మొదలైన ఆ నిధి పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. 2014లో ఆ నిధితో, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలుగా గుర్తించిన పది రాష్ట్రాల్లో రెండు వేలకు పైగా టవర్లు మంజూరయ్యాయి. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. అవి 2జీ టవర్లు. మాట వినబడేది, ఫోటో కదిలేది కాదు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లో 7,287 ఊళ్లకు 4జీ మంజూరైంది. 2022 జులైలో దేశం మొత్తం మీద సిగ్నల్ లేని 24,680 ఊళ్ల కోసం 26,316 కోట్ల రూపాయల పథకం వచ్చింది. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజు 100 టవర్లు ప్రారంభిస్తే అందులో 85 అల్లూరి సీతారామరాజు జిల్లావే.

అయితే టవరు లేవడంతో పని అయిపోదు. టవరుకు కరెంటు కావాలి. దాన్ని కింది నెట్‌వర్కుతో కలిపే దారి కూడా కావాలి. ఆ దారి ఫైబరైనా కావచ్చు, కొండ నుంచి కొండకు చూసుకునే మైక్రోవేవ్ గిన్నె అయినా కావచ్చు, ఉపగ్రహమైనా కావచ్చు. ఇందులో ఏది సన్నగా ఉన్నా టవరు కింద నిలబడి కూడా ఫోటో తిరుగుతూనే ఉంటుంది. "గీతలు ఫుల్లుగానే ఉన్నాయి మేడం, నెట్ రావట్లేదు" అంటారు కదా, దాని అర్థం ఇదే. గీతలు మీ ఫోనుకు, టవరుకు మధ్య సంగతి చెబుతాయి. టవరు వెనక ఏముందో చెప్పవు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వరసగా కూలాయి. కరెంటు లేదు, టవర్లు లేవు. హాస్టల్ పిల్లలు బాగున్నారని తల్లిదండ్రులకు చెప్పడానికి మళ్లీ మనుషులే నడిచారు.

గాజు తీగ

ఇక ఇప్పటి అధ్యాయం ఫైబర్. వెంట్రుకంత సన్నని గాజు పోగులో వెలుగును పంపి కబురు మోయించడమే ఫైబర్. గాజును తగినంత శుద్ధి చేస్తే వెలుగు చాలా దూరం వెళ్తుందని చార్లెస్ కావో 1966లో చెప్పారు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పంజాబ్‌లో పుట్టిన నరిందర్ సింగ్ కపానీ 1950లలోనే వంగిన గాజు పోగుల్లో వెలుగును నడిపి చూపించారు. పాఠం చెప్పేటప్పుడు ఆ పేరు కూడా చెప్పండి.

ఇళ్లకు ఇచ్చే ఫైబర్‌లో మనకు పనికొచ్చే సుగుణం ఒకటుంది. ఎక్స్ఛేంజీ నుంచి బయల్దేరిన ఒక్క పోగును దారిలో చిన్న స్ప్లిటరుతో 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తారు. ఆ స్ప్లిటరుకు కరెంటు అక్కర్లేదు. పైగా సుమారు 20 కిలోమీటర్ల దాకా వెలుగు నీరసించకుండా వెళ్తుంది. రాగి తీగకు 5 కిలోమీటర్లే హద్దని ఇందాక చెప్పాను. రాగి మన ఊరు చేరలేకపోయిందంటే దూరం నిజంగానే ఒక కారణం. ఫైబర్ చేరకపోతే మాత్రం దూరం వంక చెల్లదు.

2011 అక్టోబరులో కేంద్రం దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేయాలని నిర్ణయించింది. దానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. 2017 డిసెంబరు 27న ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 మెగాబిట్ల నెట్ ఇస్తామన్నారు. మన థింసా ఫోటో రెండు సెకన్లలోపే. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల గొట్టాలకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. ఇక్కడా అదే సూత్రం. కొత్త తీగ పాత స్తంభాన్ని పట్టుకుని, పాత గొట్టం పక్కన పడుకుని వచ్చింది. తేడా ఏమిటంటే ఈసారి ఆ పాత దారి మనకూ ఉంది. కరెంటు స్తంభం మన ఊళ్లో చాలాచోట్ల ఉంది. అందుకే ఈ అధ్యాయంలో మనం ఉండొచ్చు.

చేతిలో ఫోనుంటే చాలదా?

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు. సిగ్నల్ వచ్చింది కదా, ఇంటికి తీగ ఎందుకు అంటారు. నా అనుభవం చెబుతాను.

2020 మార్చిలో కరోనాతో హాస్టల్ ఖాళీ చేయించినప్పుడు పిల్లలు ఇళ్లకు వెళ్లారు. పాఠాలు ఫోన్లలోకి మారాయి. ఇంటికొక ఫోను, అది నాన్న జేబులో, నాన్న పొలంలో. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో పాఠం ఎవరు వినాలి? మగపిల్లాడే ముందు. ఫోను పట్టుకుని ఆడపిల్ల ఒంటరిగా సిగ్నల్ కొండ ఎక్కుతానంటే ఏ తల్లి పంపుతుంది? ఫోను నెట్ ఒక మనిషిది. ఇంటి నెట్ ఇంటిది. ఇంట్లో వైఫై పెట్టె ఉంటే అక్క, తమ్ముడు, పక్కింటి పిల్లలు కూడా అరుగు మీద కూర్చుని చదువుకోవచ్చు. వైఫై అంటేనే ఇంటర్నెట్ అనుకోకండి. వైఫై ఆ పెట్టె నుంచి మీ ఫోను దాకా ఉన్న చివరి పది అడుగులే. పెట్టె వెనక తీగ లేకపోతే వైఫై ఉత్త దీపం.

ఈ రోజు నెట్ లేకుండా ఏ పని జరుగుతోందో చెప్పండి. కుల ధ్రువీకరణ పత్రం, స్కాలర్‌షిప్, రేషను వేలిముద్ర, ఉపాధి హామీ హాజరు, మా హాస్టల్ పిల్లల హాజరు, అన్నీ నెట్ మీదే. నెట్ లేకపోయినా పనులు జరుగుతాయి అనే రోజులు పోయాయి. ఒకప్పుడు నెట్ లేకపోతే సినిమా పోయేది, ఇప్పుడు సీటు పోతోంది.

తీగా, టవరూ రెండూ చేరలేని ఊళ్ల కోసం ఇంకో దారి సిద్ధమవుతోంది. పాతరకం ఉపగ్రహాలు భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట వెళ్లి రావడానికి ఆలస్యమవుతుంది. స్టార్‌లింక్ వంటివి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం తగ్గుతుంది. 2025 జూన్‌లో ఆ సంస్థకు కేంద్రం లైసెన్సు ఇచ్చింది. ధర మన ఇళ్లకు అందేదైతేనే అది మన దారి అవుతుంది.

మన వంతు

చరిత్ర చెప్పి ఊరుకుంటే టీచరునే కాను. కాబట్టి చివరగా ఒక మాట.

2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌ను పెంచుతూ 1,39,579 కోట్ల రూపాయలకు ఆమోదం ఇచ్చింది. పంచాయతీ కేంద్రాలకు ఫైబర్ తెగినా వేరే వైపు నుంచి నెట్ అందేలా వలయంగా వేయడం అందులో ఒక భాగం. రెండో భాగం, పంచాయతీ కేంద్రం కాని సుమారు 3.8 లక్షల ఊళ్లకు, అడిగితే ఫైబర్ ఇవ్వడం. ఆ "అడిగితే" అనే మాట కింద గీత గీసుకోండి. మన గూడేలన్నీ దాదాపు ఆ జాబితాలోకే వస్తాయి. అడగని ఊరికి ఎవరూ తెచ్చి ఇవ్వరు.

అడగడానికి మనకు చోటు ఉంది. 1996 పీసా చట్టం మన ప్రాంతాల గ్రామసభకు బలం ఇచ్చింది. వచ్చే గ్రామసభలో పెద్దలు నీళ్లు, రోడ్డు గురించి అడుగుతారు. మీరు లేచి ఈ మూడు ప్రశ్నలు అడగండి. మన పంచాయతీకి భారత్‌నెట్ పెట్టె వచ్చిందా? వస్తే అది వెలుగుతోందా, బీరువా పక్కన దుమ్ము పడుతోందా? మన గూడేనికి ఫైబర్ కావాలని తీర్మానం రాశామా? తీర్మానం నకలు చేతిలో పెట్టుకోండి. ఐటీడీఏలో, మండల ఆఫీసులో దాని గురించి మళ్లీ మళ్లీ అడగండి.

ఇంకో పని కూడా మీదే. నెట్ వచ్చాక అందులో మనం ఏం పెడతాం? కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, సవర మాటలు ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేది చాలా తక్కువ. అమ్మమ్మ చెప్పే కథను ఆమె అనుమతితో ఫోనులో రికార్డు చేసి దాచండి. దారి మనదాకా వచ్చాక ఆ దారిన మన మాట కూడా వెళ్లాలి కదా.

ఆ అమ్మాయి మొన్న డ్యూటీ మధ్యలో హాస్టల్‌కు ఫోను చేసింది. ఈ వ్యాసం రాస్తున్నానని, తన సంగతి పేరు లేకుండా రాయొచ్చా అని అడిగాను. "రాయండి మేడం, మా ఊళ్లో ఇప్పటికీ సంత రోజునే మెసేజ్‌లు వస్తున్నాయి, అది కూడా రాయండి" అంది. రాశాను.

ఆ ఏడాది నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. గడువు ఉన్న ఏ సమాచారమైనా వాట్సాప్ పెడతాను, చీటీ కూడా రాసి జీపులో పంపుతాను. రెండో టిక్కు పడేదాకా, లేదా ఆ పిల్ల గొంతు నేను వినేదాకా రిజిస్టర్లో ఆ పేరు ఎదురుగా గీత గీయను. మీ ఊళ్లో ఏ ఇంటికి ఒక్క టిక్కే పడుతుందో మీకు తెలుసు. ఫైబర్ వచ్చేదాకా ఆ ఇంటికి కబురు మీరే మోయాలి.

జోహార్.